రిపోర్ట్ వచ్చేదాకా: లంకలో హనుమంతుడి భయం మనకి నేర్పేది



సుందరకాండ వీడియోల్లో ఈ వారం 12, 13 సర్గలు చెప్పుకున్నాం. హనుమంతుడు లంకంతా వెతికి, సీతమ్మ కనిపించక కుంగిపోయే ఘట్టం. ఆ ఘట్టాన్ని ఈ పోస్ట్‌లో ఒకే ఒక్క పరిస్థితికి అన్వయించుకుందాం. బయాప్సీ అయిపోయింది. రిపోర్ట్ ఇంకా రాలేదు.

గర్భసంచి లోపలి పొరలోనో, గర్భాశయ ముఖద్వారం దగ్గరో డాక్టర్‌గారికి ఏదో అనుమానం వచ్చింది. చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపారు. "క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికే" అన్నారు. ఆ వాక్యంలో మనకి ఒక్క మాటే వినిపిస్తుంది. ఇంటికొచ్చేస్తాం. ఇక వారమో, పది రోజులో, ఒక్కోసారి రెండు వారాలో ఎదురుచూడాలి. ఆఫీసుకి వెళ్తాం, మీటింగ్‌లో కూర్చుంటాం, తల ఊపుతాం. మనసు మాత్రం ఆ ల్యాబ్ దగ్గరే ఉంటుంది.

ఈ పరీక్ష మీకే జరిగి ఉండొచ్చు. లేదా అమ్మకో, అత్తయ్యకో, అక్కకో జరిగి, మీరు పక్కన ఉండొచ్చు. ఇద్దరి కోసమూ రాస్తున్నాను.

హనుమంతుడికీ భయం వేసింది

మనం హనుమంతుణ్ణి ధైర్యానికి మారుపేరుగా చెప్పుకుంటాం. నూరు యోజనాల సముద్రం దాటినవాడు. అయినా వాల్మీకి మహర్షి ఆయన భయాన్ని దాచలేదు. ఒక్కసారి కాదు, రెండుసార్లు చూపించాడు.

12వ సర్గలో లతాగృహాలు, చిత్రశాలలు, రావణుడి భవనాలు అన్నీ వెతికాక కూడా సీతమ్మ కనిపించదు. ఆమె బతికి లేదేమో అన్న ఆలోచన వస్తుంది. అప్పుడే ఆయనకి అనిర్వేదం గుర్తొస్తుంది. అనిర్వేదం అంటే దిగులుతో చేతులు దించెయ్యకపోవడం. దాన్ని పట్టుకుని లేచి మళ్ళీ మొదటినుంచి వెతుకుతాడు.

సినిమా అయితే సీతమ్మ ఇక్కడే కనిపించేది. రామాయణంలో కనిపించలేదు. 13వ సర్గలో భయం తిరిగొస్తుంది, ఈసారి ఇంకా పెద్దదిగా. అది ఎలా నడుస్తుందో చూడండి. సీతమ్మ జాడ దొరకలేదని చెబితే రాముడు ప్రాణాలు వదిలేస్తాడు. రాముడు లేకపోతే లక్ష్మణుడు ఉండడు. ఆ వార్త విని భరతుడు, తర్వాత శత్రుఘ్నుడు. కొడుకులు పోతే తల్లులు. స్నేహితుడి మీద బెంగతో సుగ్రీవుడు. ఆయన వెనక రుమ, తార, అంగదుడు. చివరికి వానరులందరూ.

ఒక్క విషయం గమనించండి. ఇదంతా ఆలోచిస్తున్న సమయానికి సీతమ్మ ప్రాణాలతోనే ఉంది, అదే లంకలో, అశోకవనంలో. హనుమంతుడికి నిజంగా తెలిసింది ఒక్కటే: ఇప్పటిదాకా వెతికిన చోట ఆమె లేదు. మిగతాదంతా మనసు కట్టుకున్న గొలుసు.

రాత్రి రెండింటికి మన గొలుసు

మనం చేసేదీ ఇదే. "స్కాన్ చూసి డాక్టర్‌గారు ఎందుకో సీరియస్‌గా అయిపోయారు. అంటే ఆవిడకి తెలిసిపోయింది. అంటే క్యాన్సరే. ఆపరేషన్, కీమో, జుట్టు పోతుంది. పెళ్ళి సంగతేంటి? పిల్లలు పుడతారా? ఈఎంఐ ఎవరు కడతారు? అమ్మానాన్న తట్టుకుంటారా?" ఐదు నిమిషాల్లో మన చావు దాకా వెళ్ళి, మన వెనక ఎవరెవరు ఎలా బతుకుతారో కూడా ఆలోచించేస్తాం. తెలిసింది మాత్రం ఒక్కటే: ముక్క తీశారు, ఫలితం రాలేదు.

అందుకే మొదట ఒక మాట. ఈ భయం భక్తి తక్కువైనందుకు వచ్చింది కాదు. రామనామమే ఊపిరిగా ఉన్నవాడికే వచ్చింది. ఒకసారి ధైర్యం తెచ్చుకున్నాక మళ్ళీ రావడం కూడా ఓటమి కాదు. పొద్దున గుడికి వెళ్ళొచ్చి తేలిగ్గా అనిపించి, సాయంత్రానికి మళ్ళీ గుండె దడదడలాడితే, మీరు 12వ సర్గ నుంచి 13వ సర్గలోకి వచ్చారు, అంతే.

మరి ఆయన ఎలా బయటపడ్డాడు? "తప్పకుండా కనిపిస్తుందిలే" అని తనకి తాను సర్దిచెప్పుకోలేదు. మూడు పనులు చేశాడు. ఒకటి, చనిపోదామా అన్న ఆలోచన వచ్చినా, బతికి ఉంటేనే మంచి చూసే అవకాశం ఉంటుందని దాన్ని పక్కకి నెట్టాడు. రెండు, ఇంకా ఎక్కడ వెతకలేదో చూశాడు. అశోకవనం కనిపించింది. మూడు, రాముడికి, లక్ష్మణుడికి, సీతమ్మకి, రుద్రుడికి, ఇంద్రుడికి, యముడికి, వాయువుకి, సూర్యచంద్రులకి నమస్కరించి అటువైపు కదిలాడు. ఫలితం ఏమిటో ఆయనకి అప్పటికీ తెలియదు. తర్వాతి అడుగు మాత్రం తెలుసు.

మనకి ఈ మూడూ చాలు. ఒక్కొక్కటీ చూద్దాం.

తెలిసినదాన్ని సరిగ్గా తెలుసుకోవడం

భయం ఖాళీ చోట్లలో పెరుగుతుంది. అందుకని ఖాళీల్లో కొన్నింటిని నిజాలతో నింపుదాం.

రిపోర్ట్‌కి ఇన్ని రోజులు ఎందుకు? రక్తపరీక్షలాగా మెషిన్‌లో పెడితే వచ్చేది కాదిది. తీసిన ముక్కని ఫార్మాలిన్‌లో ఉంచి గట్టిపరుస్తారు. తర్వాత నీరు తీసేసి మైనంలో బిగిస్తారు. ఆ మైనం దిమ్మ నుంచి సుమారు 4 మైక్రాన్ల మందం ఉన్న పొరలు కోసి, గాజు పలక మీద పరిచి రంగులు అద్దుతారు. అప్పుడు పాథాలజిస్ట్ మైక్రోస్కోప్‌లో స్వయంగా చూస్తారు. అనుమానం ఉంటే ఇంకో లోతులో పొరలు కోయిస్తారు, ప్రత్యేకమైన రంగులు వేయిస్తారు, ఇంకో పాథాలజిస్ట్‌కి చూపిస్తారు. ఒక్కో అడుగుకీ మరో రోజో, రెండు రోజులో పడుతుంది. కాబట్టి "లేటయింది అంటే ఏదో ఉంది" అనుకోకండి. ఆలస్యంలో మంచీ లేదు, చెడూ లేదు.

బయాప్సీ రాశారంటే క్యాన్సరేనా? కాదు. నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపిస్తే తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. అలా వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు 9 మందికి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ తేలుతుందని పెద్ద ఎత్తున చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. మిగతావాళ్ళలో పొర పల్చబడటం, పాలిప్‌లు లాంటి కారణాలు ఎక్కువ. 9 అంటే చిన్న సంఖ్యేం కాదు, అందుకే పరీక్ష. కానీ రాత్రి రెండింటికి మన మనసు చెప్పే 100 కూడా కాదు.

గర్భాశయ ముఖద్వారం సంగతి వేరు. అక్కడి క్యాన్సర్లలో దాదాపు అన్నింటికీ హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. ఆ వైరస్ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. మామూలు రోగనిరోధక శక్తి ఉన్నవాళ్ళలో కణాలు మారి క్యాన్సర్‌ అవ్వడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అందుకే బయాప్సీలో చాలాసార్లు దొరికేది క్యాన్సర్ కాదు, దానికి ముందు దశ మార్పులు. రిపోర్ట్‌లో "సీఐఎన్ 1" అని ఉంటే అది క్యాన్సర్ కాదు, చాలావరకు తగ్గిపోయే మార్పు. 2, 3 అంటే వైద్యం గురించి మాట్లాడాలి, అవీ ఇంకా క్యాన్సర్ కావు.

"కత్తి పెడితే పాకుతుంది" అని పెద్దవాళ్ళు అంటారు. గర్భసంచి లోపలి పొర నుంచో, ముఖద్వారం నుంచో చిన్న ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. ఆ మాటకి భయపడి పరీక్ష వాయిదా వేస్తేనే నష్టం.

బయాప్సీ తర్వాత కొన్ని రోజులు కొంచెం నొప్పి, మచ్చలు మచ్చలుగా రక్తం మామూలే. బాగా ఎక్కువ రక్తస్రావం, జ్వరం, దుర్వాసన, తగ్గని కడుపునొప్పి ఉంటే మాత్రం రిపోర్ట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి.

ఇంతకు మించి గూగుల్‌లో వెతక్కండి. హనుమంతుడు వెతికింది వెతకని చోట. మనం వెతికింది పదిహేనోసారి వెతుకుతాం. అది వెతుకులాట కాదు, గొలుసుకి ఇంకో కడియం.

మా ఇంట్లో జరిగింది

మా అమ్మకి నెలసరి ఆగిపోయిన నాలుగేళ్ళకి మళ్ళీ రక్తం కనిపించింది. స్కాన్‌లో పొర మందంగా ఉందన్నారు. బయాప్సీ చేశారు. తొమ్మిది రోజులు ఎదురుచూశాం.

ఆ తొమ్మిది రోజుల్లో అమ్మ భయం జబ్బు మీద కన్నా ఒక ప్రశ్న మీద ఎక్కువగా ఉండేది. దీపం పెట్టేముందు నెమ్మదిగా అడిగింది, "నేనేం పాపం చేశాను నాన్నా? ఇన్నేళ్ళు శుక్రవారం తప్పకుండా పూజ చేశానే." ఇంకోటి, పిన్నికి కూడా చెప్పొద్దంది. కాలు విరిగితే ఊరంతా చెబుతాం. గర్భసంచి అనేసరికి గొంతు తగ్గిపోతుంది. సిగ్గు పడాల్సిన అవయవం కాదది. మనందరం అక్కడినుంచే వచ్చాం.

రిపోర్ట్ వచ్చింది. మేము ఇద్దరం మనసులో రెండే జవాబులు పెట్టుకున్నాం: ఏమీ లేదు, లేదా క్యాన్సర్. వచ్చింది మూడోది. కణాలు అసాధారణంగా పెరుగుతున్నాయి, క్యాన్సర్ కాదు, వదిలేస్తే అవ్వచ్చు. అమ్మ వయసుకి గర్భసంచి తీసెయ్యడమే మంచిదన్నారు. తీసిన గర్భసంచి మళ్ళీ ల్యాబ్‌కే వెళ్ళింది, ఎందుకంటే ఇలాంటి మార్పులున్నచోట పక్కనే క్యాన్సర్ దాగి ఉండే అవకాశం ఉంటుంది. మళ్ళీ ఎదురుచూపు. అందులో క్యాన్సర్ కనిపించలేదు.

మీ ఇంట్లో ఇలాగే అవుతుందని కాదు. ఇంతకన్నా మంచి మాట రావచ్చు, కష్టమైన మాటా రావచ్చు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మేము తొమ్మిది రోజులు ఏడ్చిన కథ మాకు జరగలేదు. మేము కోరుకున్న కథ కూడా జరగలేదు. మనసు ముందే రాసిన ఏ ముగింపూ నమ్మదగ్గది కాదని అప్పుడు అర్థమైంది.

పాపం, మొక్కు, మైల

అమ్మ అడిగిన ప్రశ్న చాలా ఇళ్ళల్లో ఉంటుంది. దీనికి కూడా అశోకవనం వైపే చూద్దాం. సీతమ్మ ఏ పాపం చేసిందని అక్కడ కూర్చుంది? రావణుడు గడువు పెట్టాడు, రెండు నెలలు. రోజులు లెక్కపెట్టుకుంటూ, చుట్టూ బెదిరించే రాక్షసస్త్రీల మధ్య ఎదురుచూసింది. కష్టం వచ్చిందంటే తప్పు చేసినట్టే అనుకుంటే, రామాయణంలో ఎవరినీ మనం పూజించలేం. కణాలు ఎందుకు మారతాయో చెప్పడానికి హార్మోన్లు, వైరస్‌లు, వయసు, బరువు, వంశం ఉన్నాయి. మీ శుక్రవారం పూజ ఆ జాబితాలో లేదు.

రెండోది మొక్కు. "రిపోర్ట్ నార్మల్ వస్తే తిరుపతికి నడిచి వస్తాను స్వామీ" అని మొక్కుకుంటాం. మొక్కుకోండి, తప్పేం లేదు, అది మన సంప్రదాయం. కానీ మైక్రోస్కోప్ కింద ఉన్న ముక్కలో ఏముందో అది ఇప్పటికే అక్కడ ఉంది. అందుకని ఇంకో ప్రార్థన కూడా జతచెయ్యండి: "ఏం వచ్చినా తర్వాతి అడుగు వేసే బలం ఇవ్వు." మొదటి ప్రార్థన మాత్రమే చేస్తే, రిపోర్ట్ తేడాగా వచ్చిన రోజున జబ్బుతో పాటు దేవుడు కూడా దూరమైనట్టు అనిపిస్తుంది. సరిగ్గా ఆయన అవసరం ఉన్న రోజున. రెండోది చేసి ఉంటే, ఆ రోజు కూడా చెయ్యి పట్టుకుని ఉంటాడు. మొక్కు కోసం డాక్టర్ ఇచ్చిన తేదీ మాత్రం మార్చకండి.

మూడోది, బయాప్సీ తర్వాత రక్తం కనబడుతోంది, పూజగదిలోకి వెళ్ళొచ్చా అన్న సందేహం. మీ ఇంటి ఆచారం ఏదైతే అది పాటించండి, దాని మీద నేను వాదించను. కానీ నామస్మరణకి మైల లేదు, స్నానం లేదు, సమయం లేదు, చోటు లేదు. మంచం మీద పడుకుని రామనామం అనుకోవచ్చు. స్కానింగ్ గది బయట కుర్చీలో కూడా అనుకోవచ్చు. దీపం ఇంట్లో ఇంకొకరు పెడతారు. దేవుడితో మాట్లాడటం మాత్రం మీరు ఆపకండి.

ఈ రోజులకి చిన్న సాధన

పొద్దున: కాగితం మీద రెండు వరసలు రాయండి. ఒకటి "తెలిసింది", రెండు "మనసు చెప్పింది". చేత్తోనే రాయండి, ఫోన్‌లో వద్దు. మొదటి వరస చాలా చిన్నగా ఉంటుంది. రోజూ చూస్తే భయం తగ్గకపోయినా దాని సైజు తెలుస్తుంది.

తర్వాతి అడుగు ఒక్కటి: ఇన్సూరెన్స్ కార్డు తీసి పెట్టడం, పాత స్కాన్‌లు ఒక ఫైల్‌లో పెట్టడం, డాక్టర్‌గారిని అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవడం. రోజుకి ఒక్కటే, పూర్తిచేసి వదిలెయ్యండి.

సాయంత్రం: సుందరకాండ రోజుకి కొంచెం చదవండి. మొత్తం 68 సర్గలు, తొందరేం లేదు. చదవలేకపోతే ఎం.ఎస్. రామారావుగారు తెలుగులో పాడిన సుందరకాండ వినండి. మన అమ్మమ్మల ఇళ్ళల్లో కష్టకాలంలో వినిపించేది అదే. సంఖ్య పూర్తి చెయ్యకపోతే కీడు జరుగుతుందన్న భయం పెట్టుకోకండి. పారాయణ ఇంకో టెన్షన్ కాకూడదు.

రాత్రి గొలుసు మొదలైతే: లేచి కూర్చోండి. పాదాలు నేల మీద పెట్టండి. ఊపిరి తీసేటప్పుడు "శ్రీ", నెమ్మదిగా వదిలేటప్పుడు "రామ". వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. పది నిమిషాలు. ఆలోచన మధ్యలో వస్తే తిట్టుకోకుండా మళ్ళీ "శ్రీ" దగ్గరికి రండి.

రోజుల తరబడి నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, బతకడం ఎందుకు అనిపించినా, ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. సాయం అడగడం విశ్వాసం లేకపోవడం కాదు. హనుమంతుడంతటివాడే అంతమంది దేవతలకి మొక్కి బయల్దేరాడు.

పక్కన ఉన్నవాళ్ళకి

హనుమంతుడు సీతమ్మని చూసిన వెంటనే చెట్టు దిగి మాట్లాడలేదు. కొమ్మల మధ్య కూర్చుని ఆలోచించాడు. పండితుల సంస్కృతంలో మాట్లాడితే నన్ను రావణుడే అనుకుని భయపడుతుందేమో, ఏ భాషలో, ఎలా మొదలుపెట్టాలి అని. చివరికి సలహాలు ఇవ్వలేదు, "ఏడవకమ్మా" అనలేదు. ఆమెకి ఇష్టమైన రామకథ మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

మనమూ అలాగే ఉందాం. "ఏం కాదులే" అని కొట్టిపారెయ్యొద్దు, అది మనకి తెలియదు. "మా కొలీగ్ వాళ్ళ అత్తకి కూడా ఇలాగే అయ్యి..." అన్న కథలు అసలొద్దు. "భయంగా ఉందా అమ్మా? నేనిక్కడే ఉన్నా" చాలు. తర్వాత ఆమెకి నచ్చిన విషయం మాట్లాడండి. చిన్నప్పటి ఊరు, పాత సినిమా, మొన్న పెట్టిన ఆవకాయ. అశోకవనంలో త్రిజట కూడా సీతమ్మ బాధ తీసెయ్యలేకపోయింది. తనకి వచ్చిన మంచి కల చెప్పి, బెదిరించేవాళ్ళ నోళ్ళు మూయించింది. మీ ఇంట్లో కూడా భయపెట్టే ఫోన్‌లు ఎత్తే పని మీరు తీసుకోండి.

రిపోర్ట్ వచ్చిన రోజు

ఇప్పుడు చాలా ల్యాబ్‌లు రిపోర్ట్‌ని నేరుగా ఫోన్‌కి పంపేస్తాయి. డాక్టర్ చూడకముందే మనం చూస్తాం. మనకి తెలియని మాటలుంటాయి, వెంటనే గూగుల్. అందుకని ముందే నిర్ణయించుకోండి: ఎవరు తెరవాలి, ఎప్పుడు తెరవాలి, తెరిచాక ఎంతసేపట్లో డాక్టర్‌ని కలవగలం. వీలైతే డాక్టర్ గదిలోనే తెరవండి. ఒక్కరే వెళ్ళకండి. అడగాల్సినవి రాసుకుని వెళ్ళండి: ఇది క్యాన్సరా, ముందు దశా, రెండూ కాదా? ఇంకా ఏ పరీక్షలు కావాలి? ఎంత త్వరగా? పిల్లలు కావాలనుకుంటే నాకున్న దారులేంటి? ఈ స్లైడ్‌లు ఇంకో చోట చూపించుకోవచ్చా? చివరిది అడగడానికి మొహమాటపడొద్దు, అది మామూలుగా అందరూ చేసేదే.

బాగుంటే, స్వామికి నమస్కారం చేసుకుని, తర్వాతి చెకప్ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. బాగోలేకపోతే, ఆ రోజు ఏడవండి. మర్నాడు డాక్టర్ చెప్పిన మొదటి అడుగు వెయ్యండి. త్వరగా పట్టుకుంటే గర్భసంచి, ముఖద్వారం క్యాన్సర్లు రెండింటికీ మంచి వైద్యం ఉంది. మీరు పరీక్ష చేయించుకున్నారంటే ఆ దారిలో ఒక అడుగు ఇప్పటికే వేశారు.

వచ్చే వీడియోలో 14వ సర్గ. హనుమంతుడు అశోకవనం గోడ దూకి లోపలికి వెళ్తాడు. ఈలోగా ఎవరింట్లోనైనా ఈ ఎదురుచూపు ఉంటే, ఇవాళ రాత్రి దీపం దగ్గర మీ గోత్రనామాలతో పాటు వాళ్ళని కూడా తలుచుకుందాం.

జై శ్రీరామ్. జై హనుమాన్.